నా పేరు మీద పడిన ఎంట్రీ

ట్యాబ్‌లు వచ్చిన రోజున మా ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ సంబరపడిన దద్దమ్మను నేనే. నరసరావుపేటలో నలభై పడకల ప్రైవేటు ఆసుపత్రి మాది. మాది అంటే నాదేం కాదు, పన్నెండేళ్ళు అందులో స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి నోటికి అలా వచ్చేస్తుంది. అప్పటిదాకా పేషెంటు వివరాలన్నీ కేస్ షీటు మీద పెన్నుతో రాసేవాళ్ళం. డాక్టర్ల రాత మాకు అర్థం కాదు, మా రాత డాక్టర్లకు అర్థం కాదు, ఇద్దరి రాతా మెడికల్ షాపువాడికి మాత్రం అర్థమయ్యేది. ఇక ఆ బాధ ఉండదని చెప్పి యాజమాన్యం ఏడు ట్యాబ్‌లు కొన్నది. వార్డుకొకటి.

వాటిని వై-ఫైకి కలపడానికి గుంటూరు నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఇళ్ళల్లో లాగా ఒక పాస్‌వర్డ్ కొడితే కలిసిపోయే రకం కాదు ఇది. సెట్టింగ్స్‌లోకి పోవాలి, వై-ఫై నొక్కాలి, ఆసుపత్రి నెట్‌వర్క్ పట్టుకోవాలి. ముందు సర్టిఫికెట్ అనే ఒక ఫైలు ఎక్కించాలి. తర్వాత ఎవరి ఐడీ వాళ్ళు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళు కొట్టాలి. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక గుర్తు. నెలకోసారి మార్చాలి. మూడుసార్లు తప్పు కొడితే ఐడీ బిగుసుకుపోతుంది, మళ్ళీ గుంటూరుకు ఫోన్ చేయాలి. పేషెంట్ల రోగాల వివరాలు గాల్లో పోతుంటాయి కాబట్టి ఎవరూ మధ్యలో పట్టుకోకుండా ఈ కట్టుదిట్టమంతా అని ఆయన ఒక పూట మొత్తం చెప్పాడు.

"ఎవరి ఐడీ వాళ్ళే వాడాలి మేడం. ఏ ఎంట్రీ ఎవరు చేశారో రేపు తెలవాలంటే అదొక్కటే ఆధారం" అన్నాడు చివర్లో.

"మేమేమన్నా దొంగలమా ఏంది, ఆధారాలు పెట్టుకోటానికి?" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఒకరి ఐడీ ఇంకొకరికి ఇవ్వబోమని రాసిన కాగితం మీద అందరి చేతా సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితాన్ని మేమెవరమూ పూర్తిగా చదవలేదు.

ఏడు ట్యాబ్‌లనూ కలపడం చూసి చూసి నేనే నేర్చేసుకున్నాను. నాకు అలాంటివి తొందరగా వస్తాయి, వచ్చాయని నలుగురికీ తెలియాలని కూడా ఉంటుంది. దానితో వార్డుల్లో ఎక్కడ ఏ ట్యాబ్ మొరాయించినా "అక్కను పిలవండి" అనేవాళ్ళు. నేను స్టెత్ మెడలో వేసుకున్న డాక్టరమ్మ లెవెల్లో వెళ్ళి, రెండు నొక్కులు నొక్కి ఇచ్చేదాన్ని. అబ్బో, ఆ నెల రోజులూ నా నడకే వేరు.

మా ఆడవాళ్ళ వార్డులో ఒక పెద్ద నర్సు ఉండేది. అందరం ఆమెను పెద్దక్క అనేవాళ్ళం. యాభై ఐదు దాటిన మనిషి. నేను కోర్సు చదివి ఈ ఆసుపత్రికి వచ్చిన కొత్తలో, చేయి పట్టుకుని నరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలితో వెతకడం నేర్పింది ఆమే. పక్షవాతం వచ్చిన భర్తను మంచం మీద పెట్టుకుని ఆ ఒక్క జీతంతో ఇల్లు నడుపుతోంది. ఆమెకు ఈ ట్యాబ్ పెద్ద గండమైపోయింది. కళ్ళజోడు పెట్టుకున్నా చిన్న అక్షరమేదో పెద్ద అక్షరమేదో కనపడేది కాదు. మొదటి నెలలోనే రెండుసార్లు ఆమె ఐడీ బిగుసుకుపోయింది. గుంటూరు నుంచి తెరవడానికి మూడేసి రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ కాగితం మీద రాసి తర్వాత ఎక్కించాల్సి వచ్చింది. మేనేజరు అందరి ముందూ అన్నాడు: "వయసైపోయినోళ్ళు ఇంటి దగ్గర కూర్చోవచ్చుగా అమ్మా."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే ఆడవాళ్ళ వార్డు ట్యాబ్ తీసుకుని పెద్దక్క ఐడీ తీసేసి నా ఐడీతో కలిపాను. పాస్‌వర్డ్ ఒక ప్లాస్టర్ ముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ట్యాబ్ వెనక అంటించాను. "ఇంక ఎవడేమంటాడో చూద్దాం" అన్నాను.

"తప్పేమోనే?" అంది పెద్దక్క.

"మన మధ్య పాస్‌వర్డ్ ఏందక్కా! ఒక గిన్నెలో తినేవాళ్ళం."

అది నిజమే. మా దగ్గర అందరూ అక్కలూ చెల్లెళ్ళూ వదినలే. ఒకరి టిఫిన్ బాక్సు ఇంకొకరు తెరుస్తారు. ఒకరికి ఇంట్లో జ్వరమొస్తే ఇంకొకరు డ్యూటీ చేస్తారు. అలాంటిచోట ఇది నాది, నీకు చెప్పను అంటే ఆ మనిషికి పొగరని అర్థం. ఎమర్జెన్సీ వార్డులో ఉండే చెల్లి కూడా వచ్చి అడిగింది. నేను ఒక క్షణం ఆలోచించాను. "ఏందే, నీ పాస్‌వర్డేమన్నా బంగారమా?" అంది. ఇచ్చేశాను. తర్వాత మగవాళ్ళ వార్డు. అలా మూడు ట్యాబ్‌లు నా పేరు మీదనే నడిచాయి. నెల నెలా పాస్‌వర్డ్ నేనే మార్చి అందరికీ చెప్పేదాన్ని. పని సాగింది, తిట్లు తప్పాయి. ఇంత తేలికైన దానికి అంత రాద్ధాంతమేమిటో అనుకున్నాను.

మిరప కోతల రోజులు. ఆ కాలంలో మాకు జ్వరాలూ, ఎండదెబ్బలూ, మందు కొట్టిన చేలో పనిచేసి వాంతులు చేసుకునేవాళ్ళూ, ఖాళీ పడక ఉండదు. నాకు ఆదివారం సెలవు. నకరికల్లు పక్కన మా ఊరి చర్చికి వెళ్ళాను. పాటలయ్యి ప్రసంగం మొదలవుతుండగా చేతిలో ఫోన్ వణికింది. ఆసుపత్రి నుంచి. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను.

కాన్పుల వార్డులో ఉండే వదిన. "మా ట్యాబ్ పాడైపోతే నిన్న కొత్తది ఇచ్చారు. నా పాస్‌వర్డ్ తీసుకోట్లేదు. ఇక్కడ నొప్పులతో ఇద్దరున్నారు. నీది చెప్పవే, పుణ్యముంటది."

"రాసుకో. పెద్ద కే, చిన్న ఆర్, తొమ్మిది, రెండు, పెద్ద ఎం..." అని పద్నాలుగూ చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. "ఎక్కింది ఎక్కింది" అంది సంతోషంగా. నేను కూడా సంతోషంగానే లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ప్రసంగం దేని మీదో ఇప్పుడు గుర్తు లేదు.

మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటుంటే మా వార్డు ఆయా ఫోన్ చేసింది. పొద్దున జ్వరంతో వచ్చిన ఒక పిల్ల ఇంజెక్షన్ పడక చనిపోయిందంది. పిల్ల అంటే ఇరవై ఐదేళ్ళ మనిషి. నూజెండ్ల పక్క ఊరు ఆమె పుట్టిల్లు. మిరపకాయల కోతకు సాయంగా అమ్మ దగ్గరికి వచ్చింది, నాలుగేళ్ళ కూతురును వెంటబెట్టుకుని. జ్వరమొస్తే తల్లే ఆటోలో తీసుకొచ్చింది. ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు. డాక్టరు పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ సూది రాశాడు. అలాంటి సూదికి ముందు చర్మం కింద చుక్కంత వేసి, పావుగంట ఆగి చూడాలి. ట్యాబ్‌లో "అలర్జీ: లేదు" అని ఉంటే, వరండాలో కూడా మంచాలు వేసిన రోజున, ఆ పావుగంట ఎవరూ ఆగరు. ఆగాలి. ఆగరు. ఎక్కించిన కాసేపటికే ఊపిరందలేదు. చేయాల్సినవన్నీ చేశారంట. అంతే.

సోమవారం పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేసరికి మేనేజరు గది నిండా మనుషులున్నారు. చనిపోయినామె భర్త, మామ, వాళ్ళతో వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడ పక్కన కింద కూర్చుని ఉంది తల్లి. గొడవకు వచ్చినవాళ్ళు అప్పటికే ఆసుపత్రి మీద అరవడం మానేశారు. తల్లి మీద అరుస్తున్నారు. మేనేజరు చేతిలో ఒక కాగితం ఉంది, ట్యాబ్‌లోంచి తీసిన ప్రింటు.

"ఇందులో స్పష్టంగా ఉందండీ. అలర్జీ, లేదు. వివరాలు చెప్పినవారు, తల్లి. మేం అడిగాం, ఆమె లేదని చెప్పింది. ఇంక మేమేం చేస్తాం?"

"చెప్పానయ్యా" అంటోంది తల్లి. గొంతు పోయి గాలి వస్తోంది. "చిన్నప్పుడు పెన్సిలిన్ సూది పడక ఒళ్ళంతా దద్దులేసి చచ్చి బతికిందని చెప్పా. నర్సమ్మకు చెప్పా. ఆయమ్మ పలక మీద వేలితో కొట్టుకుంది గూడా. నా కళ్ళతో చూశా."

"ఏ నర్సు?" అన్నాడు మామ.

"మూతికి గుడ్డ కట్టుకునుంది. నాకేం తెలుస్తదయ్యా."

మేనేజరు ప్రింటు కింది వరుస చదివాడు. ఆదివారం పదకొండుంపావు. ఎంట్రీ చేసినవారు అని నా పేరు. చదివి తల ఎత్తి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ చూశారు.

తల్లి చేత్తో గోడ పట్టుకుని లేచింది. నా దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే నన్ను ఇప్పటికీ పట్టి పీడిస్తుంది. తప్పిపోయిన మనిషి దొరికినట్టు చూసింది. "నీకేగా తల్లీ చెప్పింది. నువ్వన్నా చెప్పమ్మా వీళ్ళకు" అంది.

నేను నోరు తెరిచి మూడు మాటలు చెప్పాను. "ఆదివారం నాకు సెలవు. నేను మా ఊళ్ళో చర్చిలో ఉన్నా. ఈమె నాకేమీ చెప్పలేదు." మూడూ నిజాలే. సెలవు రిజిస్టరులో ఉంది, చర్చిలో వందమంది చూశారు. ఆ క్షణాన నాకు ప్రపంచంలో ఆ మూడు నిజాలు తప్ప ఇంకేమీ కనపడలేదు. నా ఐడీ ముగ్గురు నలుగురు వాడతారని చెప్తే సంతకం పెట్టిన కాగితం బయటికొస్తుంది. నా ఉద్యోగం పోతుంది, నర్సు రిజిస్ట్రేషన్ మీదకొస్తుంది. అదీగాక గుమ్మం బయట పెద్దక్క ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఆదివారం ఆ వార్డులో డ్యూటీ ఆమెదే. నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

"ఇన్నారా?" అన్నాడు మామ పెద్దమనుషులతో. "ఆయమ్మ ఊళ్ళోనే లేదంట. మరి ఈమె చెప్పింది ఎవరికి? గోడకా? చెప్పలా. మర్చిపోయింది. ఇప్పుడేమో చెప్పా చెప్పా అని కథలు పడతంది."

"నీకు గాదా అమ్మా?" అని మళ్ళీ అడిగింది తల్లి, నన్నే.

"కాదు" అన్నాను.

ఆమె అల్లుడు ముందుకొచ్చాడు. "బంగారంలాంటి మనిషిని నీ ఇంటికి పంపితే ఇట్టా చేసి ఇచ్చావు. ఇంక నా కూతురు నీ గడప తొక్కదు. పిల్ల సంగతి మర్చిపో." అని బయటికి నడిచాడు. పెద్దమనుషులు కూడా లేచారు. మేనేజరు చేయి ఊపి, ఇంక వెళ్ళి డ్యూటీ చూసుకోమన్నట్టు నాకు సైగ చేశాడు. నా ఐడీ ఎవరు వాడారో ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకు లేదు, కాగితం ఆయన పక్షానే ఉంది కదా. ఛీ, ఆయన్ని అనడానికి నా నోటికి ఏం హక్కుంది.

మర్నాడు స్టెరిలైజేషన్ గదిలో, దూది కత్తిరిస్తూ, పెద్దక్క తనంతట తనే చెప్పింది. "చెప్పిందే ఆమె. శుభ్రంగా చెప్పింది. నేను ఉంది అని నొక్కా, పెన్సిలిన్ అని రాశా. సేవ్ కొట్టా. ఆ గుండ్రం తిరుగుతానే ఉంది. ఇంతలో నెట్‌వర్క్ పోయి మళ్ళీ నీ పాస్‌వర్డ్ అడిగింది. వెనక చూసి కొట్టుకునేసరికి టైం పట్టింది. ఇటు ఇంకో మంచం కాడ పిలుస్తన్నారు. పేజీ మళ్ళీ వచ్చింది, పేరుంది, అన్నీ ఉన్నాయి. పడిందనుకున్నా. ఆ ఒక్కటి చూసుకోలేదే." కత్తెర పక్కన పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మేం ఏదీ నొక్కకపోతే ఆ ఫారంలో అలర్జీ దగ్గర "లేదు" అని దానంతటదే పడుతుంది. అది మా అందరికీ తెలుసు. పని తగ్గుతుందని మేమే అడిగి అలా పెట్టించుకున్నాం.

"నువ్వు చెప్తే ఇప్పుడే పోయి ఒప్పుకుంటా" అంది. మంచంలో ఉన్న ఆమె మొగుడు నా కళ్ళ ముందుకొచ్చాడు. "నోరుమూసుకుని పని చూసుకో అక్కా" అన్నాను. ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. నన్ను నేను కాపాడుకుంటున్నానని కూడా తెలుసు.

వారం తర్వాత గుంటూరు టెక్నీషియన్ వేరే పని మీద వచ్చాడు. కాన్పుల వార్డులో వై-ఫై ఎక్కుతోంది దిగుతోంది అంటే చూస్తున్నాడు. నేను ఊరికే అడిగినట్టు అడిగాను, ఒకరి ఐడీతో నాలుగు ట్యాబ్‌లు కలిపితే ఏమవుతుందని.

"ఒక ఐడీకి మూడే మేడం. భద్రత కోసం అట్టా పెట్టాం. నాలుగోది ఎక్కిందంటే మూడిట్లో ఒకదాన్ని కిందికి తోసేస్తది. నిండిన షేర్ ఆటోలాగా అనుకోండి. ఆ టైంకి ఎవరన్నా రాస్తా ఉంటే అది పోయినట్టే. ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే" అన్నాను.

బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఫోన్‌లో కాల్ లిస్టు తీశాను. ఆదివారం. కాన్పుల వార్డు వదిన. పదకొండు పన్నెండుకు వచ్చింది, నాలుగు నిమిషాలు మాట్లాడాను. మేనేజరు చదివిన కాగితం మీద పదకొండుంపావు. ఓరి నాయనో. చర్చి మెట్ల మీద నిలబడి, పెద్ద కే, చిన్న ఆర్ అంటూ, ఆ తల్లి చెప్పిన మాటను ట్యాబ్‌లోంచి తుడిచేసింది నేనే. ఎంట్రీ కింద నా పేరు పడటం పొరపాటేమీ కాదు. ఎవరి పేరు పడాలో వాళ్ళదే పడింది.

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. రేపు చెప్తా, పెద్దక్క మొగుడికి కాస్త నయమైతే చెప్తా, మా అబ్బాయి పరీక్షలైతే చెప్తా. పిరికిదానికి సాకులు చేటలతో వస్తాయి. ఆ నెలలోనే అందరి ట్యాబ్‌లలోంచీ నా ఐడీ తీసేసి ఎవరిది వాళ్ళకు పెట్టాను. ప్లాస్టర్ ముక్కలు గీకి పారేశాను. "ఏందే, ఇంత కట్టుదిట్టమైపోయావు" అన్నారు. మొహాన అరిచేశాను. వార్డులో నాకు పొగరని పేరొచ్చింది, రావాల్సినప్పుడు రాకుండా.

మా వార్డు ఆయాకు నూజెండ్ల వైపు చుట్టాలున్నారు. అప్పుడప్పుడూ అడగకపోయినా చెప్పేది. ఆ తల్లి మనవరాలి కోసం అల్లుడి ఊరికి మూడుసార్లు వెళ్ళిందని. గేటు కూడా తీయలేదని. బడి ముందర నిలబడి చూద్దామని పోతే మనిషిని పెట్టి పంపించేశారని. "మర్చిపోయానని ఒక్క మాట ఒప్పుకోవచ్చుగా, మొండి మనిషి, చెప్పా చెప్పా అనే అంటది" అంది ఆయా ఒకసారి. నేను అప్పుడు సెలైన్ బాటిలు మారుస్తున్నాను. గొట్టం సరిగ్గా గుచ్చడానికి మూడుసార్లు పట్టింది.

ఏడాది తిరిగింది. పెద్దక్క భర్త పోయాడు. దినాలయ్యాక ఆమె ఉద్యోగం మానేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ నాతో అంది: "నా పేరు చెప్పేసెయ్యవే. ఇంక నన్ను ఎవడేం చేస్తాడు? నాకు రోజూ ఆ పిల్ల మొహం కనపడతంది." దాంతో నాకున్న ఒక్క పెద్ద సాకూ పోయింది. మిగిలింది నా ఉద్యోగం. పోతే పోయిందిలే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ వారమే వినుకొండ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను. అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం కూడా చేసుకున్నాను. ఆదివారం ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఆమె ఏం చెప్పింది, అది ఎందుకు పడలేదు, నేను ఏం చేశాను. ఆ కాగితం తీసుకుని ఆమె అల్లుడి ముందు పెద్దమనుషుల్లో పెట్టుకుంటే చాలు, ఆమె అబద్ధం చెప్పలేదని తేలిపోతుంది. మనవరాలు ఆమెకు దక్కుతుంది. తర్వాత నా మీద కేసు పెట్టుకున్నా సరే.

ఇంటి ముందు పట్టా పరుచుకుని ఆమె ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఘాటుకు ముక్కుకు కొంగు చుట్టుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. ఆసుపత్రి నర్సునని చెప్పాను. అప్పుడు చేతులు దులుపుకుని, "కూర్చో తల్లీ" అని పీట జరిపింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. పెద్దక్క సంగతి, మూడు ట్యాబ్‌లు, నాలుగో ట్యాబ్, చర్చి మెట్లు, ఆ ఫోన్, అన్నీ. "నువ్వు చెప్పావమ్మా. పెన్సిలిన్ పడదని స్పష్టంగా చెప్పావు. రాసుకున్నారు కూడా. అది పోయింది నా వల్ల. తప్పు నాది. ఇదిగో, అంతా రాసి సంతకం పెట్టి తెచ్చా" అన్నాను. చెప్తూనే ఏడ్చేశాను. ఇంతకాలం ఆమె ముందు ఏడవడానికి కూడా నాకు మొహం లేకపోయింది.

ఆమె ఏడవలేదు. నేను ఇచ్చిన కాగితం మడత విప్పలేదు. చదువు రాదు ఆమెకు. దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"లేదులే అమ్మా. నేను చెప్పలా" అంది.

"చెప్పావమ్మా! విన్న మనిషే నాతో చెప్పింది."

"చెప్పలా" అంది మళ్ళీ, గొంతు తగ్గించి, ఇంట్లోకి ఒకసారి చూసి. "మొన్న సంక్రాంతి అయినాక పెద్దమనుషుల్లో ఒప్పుకున్నా. మర్చిపోయా, తప్పు నాదే, నా బిడ్డను నేనే చంపుకున్నా అని అందరి ముందూ చెంపలేసుకున్నా. ఒప్పుకున్నాక పిల్లను పంపుతున్నారు. నెలకు రెండు రోజులు. నిన్న పొద్దున వచ్చింది, రేపు పోతది. ఇప్పుడు నువ్వు వచ్చి చెప్పా అన్నావంటే వాళ్ళు ఏమనుకుంటారు? మళ్ళీ మొదలెట్టింది, నర్సును గూడా పిలిపించుకుని నాటకాలాడతంది అనుకుంటారు. పిల్లను ఆపేస్తారు. నీకు దణ్ణం పెడతా తల్లీ, ఆ మాట ఇంక యాడా అనమాక."

"నిజం తెలిస్తే వాళ్ళే..."

"నిజం నాకు తెలవదామ్మా?" అంది. ఆ ఒక్క మాట దగ్గరే ఆమెకు కోపం వచ్చింది. వెంటనే అణుచుకుంది. "ఆ రోజు కావాల్సొచ్చింది నాకు నిజం. నిన్ను రెండుసార్లు అడిగా."

నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతి సంచిలో పెట్టుకున్నాను.

అంతలో ఇంట్లోంచి నిద్ర లేచి ఆ పాప వచ్చింది. ఐదేళ్ళుంటాయి. పాప తల్లి బతికుండగా ఆమెను నేను చూడలేదు కాబట్టి పోలిక ఏమిటో నాకు తెలియదు. మిరప ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి, అమ్మమ్మ వీపు మీద వాలి నా వైపు చూసింది.

"ఎవరమ్మమ్మా?"

"ఆసుపత్రి నర్సమ్మ."

పాప నన్ను కిందికీ మీదికీ చూసింది. తర్వాత అమ్మమ్మ చెవి దగ్గర మూతి పెట్టి, గుసగుసలాడుతున్నాననుకుంటూ నాకు వినపడేంత గట్టిగానే అడిగింది: "అమ్మకు ఆ సూది పడదని నువ్వు ఈమెకేనా చెప్పడం మర్చిపోయింది?"

ఆమె నా మొహంలోకి చూస్తూనే చెయ్యి వెనక్కి చాపి పాప తల నిమిరింది.

"ఔను బంగారూ" అంది. "ఈమెకే."